రాజుగారు కాదనలేదు

అంబవతి, ఏనుగుల శాల
ఆషాఢ బహుళ పంచమి

చెల్లి మాలికి, అన్న గోదత్తుడు ఎవరిచేతా రాయించకుండా తన చేత్తో తానే గీకిన ఉత్తరం.

విహారంలో నీ పేరు విరజ అని పడవవాడు చెప్పాడు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని తిరగలేదు. నాకు నువ్వు మాలివే. నా అక్షరాలు చూసి నవ్వకు. అంకుశం పట్టిన చేతికి గంటం గడ్డిపోచలా ఉంది. తాటాకు రెండుచోట్ల చిరిగింది. చిరిగినచోట నువ్వే ఊహించుకో.

మోకాళ్ళు తప్ప నేను బాగున్నాను. నా ఏనుగు అంజని బాగుంది. తొలివానకి కడుపు పాడైతే అల్లం, బెల్లం ముద్ద చేసి పెట్టాను, సర్దుకుంది.

నిన్నొకటి అడగాలి. మా భద్రకేతు రాజు నోరు మూసుకున్నాడు. జబ్బు కాదు, వ్రతం. ఆయన సంగతి నీకు తెలుసు. ఏ ఊరిమీద పడితే ఆ ఊళ్ళో రెండేళ్ళు నాగలి పట్టేవాడు మిగిలేవాడు కాదు. అలాంటి మనిషికి ఈమధ్య పాపభయం పట్టుకుంది. నిర్గ్రంథ సన్యాసుల్ని అడిగితే ఉపవాసాలు చెయ్యమన్నారు. సగం చేశాడు. ఒక ఆజీవక సన్యాసిని అడిగితే, అంతా ముందే రాసిపెట్టి ఉంది, నీ చేతిలో ఏమీ లేదన్నాడు. ఆ మాటకి పొంగిపోయి ఆయనకి కొండలో గుహ తొలిపించాడు. ఇప్పుడు మీ బోడితలలవాళ్ళు వానాకాలం మూడునెలలూ ఊరు కదలరని విని, నేను కదలడమే కాదు, పలకడం కూడా మానేస్తానని ప్రాసాదం పై అంతస్తులో దర్భలమీద కూర్చున్నాడు. తల ఊపడు, చెయ్యి ఊపడు, రాయడు. ఆశ్వయుజ పౌర్ణమిదాకా ఇంతేనట.

మరి ఎవరైనా ఏదైనా అడిగితే ఆ మౌనాన్ని ఏమనుకోవాలి? మీలో పెద్దలు అడిగినదానికి బదులివ్వకుండా కూర్చుంటే అర్థం ఏమిటి? శాలలో మావటీలందరూ రోజూ దీనిమీదే కొట్టుకుంటున్నారు. మా చెల్లెలు భిక్షుణి, నాకు తెలుసని చెప్పేశాను. ఇప్పుడు తెలుసుకోవాలి. త్వరగా రాయి.

గోదత్తుడు


వైశాలి, భిక్షుణుల విహారం
శ్రావణ శుద్ధ దశమి

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదవడానికి నలుగురం కూర్చోవలసివచ్చింది. చిరిగినచోట ఒక్కొక్కరం ఒక్కొక్కటి ఊహించాం. నువ్వు నన్ను మాలీ అని పిలిచావని మా గురువమ్మకి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ నవ్వి, "మీ అన్న మాట వినే మనిషిలా లేడు, నువ్వే సర్దుకో" అన్నారు.

నువ్వడిగినది చిన్న విషయమే. గృహస్థు వచ్చి "రేపు మా ఇంటికి భిక్షకి దయచెయ్యండి" అంటే మా పెద్దలు ఏమీ అనరు. అనకపోవడమే ఒప్పుకోవడం. వచ్చినవాడు అది గ్రహించి, నమస్కరించి, ఇంటికెళ్ళి బియ్యం కడుక్కుంటాడు. సంఘంలో ఏదైనా తీర్మానం చేసేటప్పుడు మూడుసార్లు చదువుతారు. ఇష్టమైనవాళ్ళు మౌనంగా ఉంటారు, ఇష్టంలేనివాళ్ళు మాట్లాడతారు. ఎవరూ మాట్లాడకపోతే సమ్మతమైనట్టు. మాలో మౌనమంటే ఔననే.

మీ రాజుగారు దేనిని చూసి ఈ వ్రతం పట్టారో నాకు అర్థం కాలేదు. గురువమ్మని అడిగి రాస్తాను. యువరాజు మణికేతు ఎలా ఉన్నాడు? నేను వచ్చేసే రోజుల్లో అంజని తొండం పట్టుకుని వేలాడేవాడు. తండ్రి మాట్లాడకపోతే అతనికి రాజ్యం చూసుకోమని ఎవరైనా చెప్పారా?

మోకాళ్ళకి ఆముదం రాసి కాపడం పెట్టు. ఏనుక్కి చేసే సేవలో సగం నీకు చేసుకో.

విరజ


అంబవతి, ఏనుగుల శాల
శ్రావణ బహుళ ద్వాదశి

చెల్లి మాలికి,

నాకు తెలిసినదే రాశావు. ఐనా మంచిది, రూఢి అయింది.

ఇక్కడ తమాషాగా ఉంది. అమాత్యుడు సోణదేవుడు రోజూ పొద్దున్నే స్నానం చేసి ప్రాసాదం కింద నిలబడి, పైకి చూసి అరుస్తాడు. "దేవా, ఉత్తరపు కట్ట తెగేలా ఉంది, మట్టి పోయిద్దామా? సమ్మతమైతే మౌనంగా ఉండండి!" మూడుసార్లు అరుస్తాడు. పైనుంచి చప్పుడుండదు. కింద చేరిన జనం "సాధు, సాధు" అంటారు. మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. పక్కనున్న గడ్డికోతవాడితో, "ఒరే, నేను కూడా అడగనా? దేవా, గోదత్తుడికి మీ పట్టుపంచ ఇచ్చెయ్యడం సమ్మతమైతే మౌనంగా ఉండండి అని?" అన్నాను. వాడు నవ్వలేదు. చుట్టూ చూసి, "పెద్దయ్యా, మెల్లగా" అన్నాడు.

కట్టకి మట్టి పోశారు, మంచిదే. తర్వాత ద్వారపాలకుల్ని మార్చారు. పాతవాళ్ళందరూ పోయి సోణదేవుడి బావమరిది మనుషులొచ్చారు. రాజుగారు కాదనలేదు. తర్వాత యువరాజు దగ్గరి అంగరక్షకుల్ని సరిహద్దుకి పంపేశారు. రాజుగారు కాదనలేదు. నాలుగురోజుల క్రితం మణికేతు తండ్రిని చూడ్డానికి వెళ్ళాడు. మెట్లదగ్గర ఆపి వెతికితే నడుముకి కత్తి దొరికింది. కత్తి లేకుండా తండ్రి దగ్గరికి వెళ్ళాలని ఇక్కడ కట్టుబాటు. దాచుకున్న కత్తి తండ్రికోసమేనని సోణదేవుడు తేల్చాడు. ఇప్పుడు కుర్రాడు చెరలో ఉన్నాడు. కుర్రాడంటున్నానుగానీ పాతికేళ్ళు దాటాయి.

ఈ మౌనం పద్ధతి అమాత్యుడికి ఎవరు నేర్పారో తెలియదు. ఎవడో తిరిగే సన్యాసి అయ్యుంటాడు.

గోదత్తుడు


వైశాలి
భాద్రపద శుద్ధ సప్తమి

అన్నయ్యా,

నీ ఉత్తరం అందగానే గురువమ్మకి చదివి వినిపించాను. ఈసారి ఆవిడ నవ్వలేదు.

రెండు సంగతులు రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు, చదవలేకపోతే చదవగలవాడిచేత చదివించుకో. మొదటిది, మాలో మౌనం సమ్మతి ఎప్పుడవుతుందంటే, కాదనే నోరు తెరిచి ఉన్నప్పుడు. ఇష్టంలేకపోతే మాట్లాడవచ్చని అందరికీ తెలిసి కూడా మాట్లాడకపోతేనే ఔను. నోరు కట్టేసుకున్నవాడి మౌనం ఔనూ కాదు, కాదూ కాదు. అది దేనికీ లెక్కలోకి రాదు. నిద్రపోతున్నవాడిని అడిగినట్టు.

రెండవది. ఒక వానాకాలం కొందరు భిక్షువులు, మాట్లాడితే తగువులొస్తాయని, మూడునెలలూ ఒకరితో ఒకరు పలకకుండా గడిపారట. అయ్యాక వచ్చి ఎంతో సుఖంగా గడిపామని చెప్పుకున్నారు. మా అందరికీ గురువైన శాస్త వాళ్ళని గట్టిగా మందలించి, మీరు గొర్రెల్లా, పశువుల్లా కలిసి బతికి సుఖంగా బతికామంటున్నారని, ఇకమీద మూగవ్రతం ఎవరూ పట్టకూడదని చెప్పారు. వానాకాలం చివర మేం చేసేది దీనికి తలకిందులు. ఒక్కొక్కరం లేచి, "నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఉంటే చెప్పండి" అని మిగతావాళ్ళని అడుగుతాం. మీ రాజుగారు మమ్మల్ని చూసి వ్రతం పట్టారనుకుంటే, ఆయన చూసినది తప్పుగా చూశారు.

ఇక నేనడిగేది. తిరిగే సన్యాసి అని రాశావు. అన్నయ్యా, నా ఉత్తరం ఎవరికైనా చూపించావా? సూటిగా చెప్పు.

విరజ


అంబవతి
భాద్రపద బహుళ నవమి

మాలీ,

చూపించాను.

శాలలో అందరి ముందూ చదివాను. చదవడం వచ్చని చూపించుకోవడానికి చదివాను, అదీ నిజమే. మూడోరోజు సోణదేవుడు స్వయంగా వచ్చాడు. అమాత్యుడు ఏనుగుల పేడలో కాలుపెట్టి నా దగ్గరికి రావడం నా జన్మలో మొదటిసారి. "గోదత్తా, మీ చెల్లెలు వైశాలిలో పెద్ద భిక్షుణటగా. మౌనం గురించి ఆవిడ ఏం రాశారు?" అన్నాడు. పీట వేసి కూర్చోబెట్టి, మళ్ళీ చదివి వినిపించాను. "మాలో మౌనమంటే ఔననే" అన్నచోట రెండుసార్లు చదివించుకున్నాడు. ఇష్టంలేనివాళ్ళు మాట్లాడతారన్న ముక్క అక్కడే ఉంది. దాన్ని ఆయనా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. నన్ను "పండితుడా" అని పిలిచాడు. నేను పొంగిపోయాను. ఇదీ సంగతి. నీ దగ్గర దాచినందుకు సిగ్గుపడుతున్నాను. మళ్ళీ అడగకు.

నిన్న నాకు ఆజ్ఞ వచ్చింది. ఆకు ఇక్కడే నా మోకాలి మీద ఉంది. "ఆశ్వయుజ శుద్ధ చతుర్దశి సూర్యోదయానికి అంజనిని తూర్పు మైదానానికి తేవలెను. పితృద్రోహి మణికేతును దాని కాలికింద వేయుట జరుగును. రాజుగారు కాదనలేదు." చతుర్దశి ఎందుకో తెలుసుగా. మర్నాడు పౌర్ణమి. పౌర్ణమినాడు రాజు నోరు తెరుస్తాడు.

నీ రెండో ఉత్తరం పట్టుకుని సోణదేవుడి దగ్గరికి వెళ్ళాను. చదివి వినిపించాను. మర్యాదగా విన్నాడు. "ఆడవాళ్ళు ఒక నెలలో ఒకటి, ఇంకో నెలలో ఒకటి రాస్తారు. మొదటిదే నాకు నచ్చింది" అన్నాడు. పీట వెయ్యలేదు.

ఇంకొకటి రాయాలి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

భద్రకేతు గద్దె ఎక్కిన ఏడు. ముప్పై ఏళ్ళయింది. తండ్రి ముసలిరాజుని దించేసి చెరలో పెట్టాడు. అంతవరకు అందరికీ తెలిసిందే. ముసలాయన చెరలో జ్వరంతో పోయాడని ఊరికి చెప్పారు. జ్వరం కాదు. సేనానులు యువరాజు భద్రకేతు దగ్గరికి వెళ్ళి, "ముసలాయన బతికుండగా మీకు రాజ్యం నిలవదు, ఏం చెయ్యమంటారు?" అన్నారట. ఆయన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడట. వాళ్ళు నా దగ్గరికొచ్చారు. అప్పుడు నాకు అంజని తల్లి రేవతి ఉండేది. "పెద్ద చెరవాకిట్లోకి తోలు" అన్నారు. "యువరాజుగారు చెప్పారా?" అన్నాను. "కాదనలేదు" అన్నారు. తోలాను. ముసలిరాజు నన్ను పేరుపెట్టి పిలిచాడు. నేను బదులు పలకలేదు.

ఆ మాటే మళ్ళీ నా మోకాలి మీద ఉంది. అక్షరం మారలేదు.

ఏం చెయ్యాలో రాయి. నేను ఒకరిని ఏం చెయ్యాలని అడగడం ఇదే మొదలు.

గోదత్తుడు


వైశాలి
ఆశ్వయుజ శుద్ధ తదియ

అన్నయ్యా,

నాకు తెలుసు. ఆ రోజు నీ బట్టలు ఉతికింది నేనే. రేవుకి తీసుకెళ్ళి మూడుసార్లు ఉతికాను. నువ్వు చెబుతావని పదేళ్ళు ఎదురుచూసి, తర్వాత ఇల్లు వదిలేసి వచ్చాను. నేను అడిగి ఉండవలసింది. అడగకపోవడాన్ని ఓర్పు అనుకున్నాను. అది కూడా ఒప్పుకోవడమేనని ఇప్పుడనిపిస్తోంది.

వానాకాలంలో కదలకూడదన్న నియమం ఉన్నా, ప్రాణంమీదికి వస్తే ఏడురోజులకి వెళ్ళవచ్చు. గురువమ్మ వెళ్ళమన్నారు. రేవు వరకు వెళ్ళాను. గండకి నది పొంగి ఒడ్డుమీదికి వచ్చేసింది. పడవవాడు మనుషుల్ని ఎక్కించుకోనన్నాడు, ఉత్తరం మాత్రం నెత్తికి చుట్టుకుని తెస్తానన్నాడు.

ఏనుక్కి కాలు నొప్పనీ, మదమెక్కిందనీ అబద్ధం చెప్పకు. నీకు రాదు, పట్టుబడతావు. వాళ్ళు ఇంకో ఏనుగుని తెస్తారు. మీ రాజుగారి దగ్గరికి వెళ్ళు. ఆయన నోరు కట్టేసుకున్నాడుగానీ చెవులు కట్టేసుకోలేదు.

విరజ


అంబవతి
ఆశ్వయుజ బహుళ విదియ

చెల్లి మాలికి,

బతికే ఉన్నాను. ఆ విషయం ముందు రాస్తున్నాను, నువ్వు చివరిదాకా కంగారుగా చదవకుండా.

నీ ఉత్తరం వచ్చాక రెండుసార్లు ప్రాసాదానికి వెళ్ళాను. సోణదేవుడి బావమరిది మనుషులు మెట్లు ఎక్కనివ్వలేదు. మూడోసారి ఈటె కర్రతో మోకాలిమీద కొట్టారు. మంచి మోకాలిమీద కొట్టారు. ఇప్పుడు రెండూ ఒకటే.

చతుర్దశి పొద్దున అంజనిని కడిగి, నుదుటిమీద రంగు వెయ్యకుండా తీసుకెళ్ళాను. మైదానం నిండా జనం. రాజుని పల్లకిలో తెచ్చి కూర్చోబెట్టారు. చూసి గుర్తుపట్టలేదు. గడ్డం పెరిగి, మెడ సన్నబడి, ముసలిరాజులాగే ఉన్నాడు. మణికేతుని చేతులు వెనక్కి కట్టి పల్లకికి దగ్గర్లోనే బండమీద పడుకోబెట్టారు. వాడు అరవలేదు. తల పక్కకి తిప్పి అంజనిని చూశాడు. అంజని వాణ్ణి వాసన చూసి తొండంతో వాడి జుట్టు సవరించింది. దానికి ఇదంతా ఆటే.

సోణదేవుడు చేతులు జోడించాడు. "దేవా, తండ్రిమీద కత్తి ఎత్తబోయినవాడికి ఈ శిక్ష సమ్మతమైతే మౌనంగా ఉండండి." మూడుసార్లు. రాజు నేలచూపులు చూస్తున్నాడు. జనం "సాధు" అనబోయి సగంలో ఆగారు.

"గోదత్తా, తోలు" అన్నాడు సోణదేవుడు.

"రాజుగారి మాట కావాలి."

"అయిందిగా."

"నాకు వినపడలేదు."

"ముసలాడికి చెవుడు" అన్నాడు బావమరిది. కొందరు నవ్వారు.

"చెవుడు లేదురా. మీ అక్క మీ బావని తిట్టే తిట్లు శాలదాకా వినిపిస్తాయి. రాజుగారి మాటే వినపడలేదు" అన్నాను. ఇంకా ఎక్కువమంది నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే అంజనిని పల్లకి ముందుకి తీసుకెళ్ళి నిలిపాను. ఈటెలు లేచాయిగానీ ఏనుగు మీదికి ఎవడొస్తాడు?

మాలీ, నేను అనుకుని వెళ్ళినది వేరు, అన్నది వేరు. నీ శాస్త చెప్పిన మాటలు చెప్పాలనుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. ఇలా అన్నాను:

"దేవా, మీ నాన్నగారి రోజున మీరు ఇలాగే నేల చూస్తూ నిలబడ్డారట. మీరు కాదనలేదని సేనానులు నాతో చెప్పారు. తోలాను. జ్వరమని ఊరికి చెప్పారు. ముప్పై ఏళ్ళు ఆ పాపం మీది మీరు, నాది నేను మోస్తున్నాం. మీ మౌనానికి నా చెయ్యి అప్పుడు దొరికింది, ఇప్పుడు దొరకదు. నోరు తెరిచి తోలమనండి. తోలుతాను. మీరు రాజు, నేను మావటిని, మీ ఉప్పు తిన్నాను, తోలుతాను. వద్దనండి. దిగిపోతాను. ఏదో ఒకటి అనండి. అనకుండా మాత్రం ఈ కాలు లేవదు."

తోలుతానని ఎందుకన్నానో నాకే తెలియదు. నిజంగానే అన్నాను. ఆయన తోలమంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

 రాజు తలెత్తాడు. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. సోణదేవుడు పరుగున వచ్చాడు. "దేవా, వ్రతభంగం! ఒక్కరోజే మిగిలింది! ఇన్నాళ్ళ పుణ్యం…"

"నువ్వూరుకో" అన్నాడు రాజు.

పాత తలుపు తీసినట్టు వచ్చింది గొంతు. అందరం ఉలిక్కిపడ్డాం. తర్వాత నన్ను చూసి, మెల్లగా, దగ్గరున్న మాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "వాడంటే నాకు భయం, గోదత్తా. నేను మా నాన్నకి చేసినది వాడు నాకు చేస్తాడని వాడు పుట్టిననాటినుంచీ భయం. నా నోటితో చంపమనలేను. అందుకే వ్రతం పట్టాను."

మూడునెలల వ్రతం సంగతి అదీ. సోణదేవుడు దుర్మార్గుడేగానీ, తెరిచిన తలుపులోంచే లోపలికొచ్చాడు.

"ఆ కత్తి ఎందుకు తెచ్చావురా?" అని కొడుకుని అడిగాడు.

మణికేతు బండమీద నుంచే చెప్పాడు. "మీ మెట్లదగ్గర అందరూ కొత్త మొహాలు. నన్ను పొడుస్తారని భయమేసింది, నాన్నగారూ."

రాజు చాలాసేపు ఏమీ అనలేదు. మళ్ళీ మొదలెట్టాడా అనుకున్నాను. అప్పుడు లేచి నిలబడి, మైదానం చివరిదాకా వినపడేలా అరిచాడు. "వద్దు! విప్పండి!"

నేను దిగాను. దిగానంటే జారిపడ్డాను. అంజని పట్టుకుంది.

సోణదేవుడి ముద్ర ఉంగరం తీసుకుని ఊరు దాటించారు. పౌర్ణమినాడు రాజు నన్ను పిలిపించాడు. పీట వేయించాడు. "నువ్వన్నది నిజం. కానీ ఊరందరి ముందూ అన్నావు. నిన్ను చూసినప్పుడల్లా జనానికి మా నాన్న గుర్తొస్తాడు. నాకూ గుర్తొస్తాడు. నువ్విక శాలలో ఉండకూడదు. అంబవతిలోనే ఉండకూడదు" అన్నాడు.

"ఇది మీ మాటేనా, దేవా?"

"నాదే."

"ఐతే సరే."

"కోపం లేదా?"

"ఉంది. నలభైయేళ్ళు మీ ఏనుగుల్ని చూశాను. ఒక చేత్తో కొడుకుని కాపాడించుకుని రెండో చేత్తో గెంటేస్తున్నారు. కోపం లేకుండా ఎలా ఉంటుంది?"

తల కొట్టించేస్తాడనుకున్నాను. ఆయన దగ్గరగా జరిగి, "ఇంకా?" అన్నాడు.

ఇంకా ఉంది కాబట్టి చెప్పాను. తగలబెట్టిన ఊళ్ళ పేర్లు చెప్పాను. ఎండ కిటికీ దాటి గోడమీదికి వెళ్ళేవరకు చెప్పాను. మధ్యలో ఒకచోట కళ్ళు తుడుచుకున్నాడుగానీ ఆపమనలేదు. ఆపమనడానికి నోరుంది, ఐనా ఆపమనలేదు.

ఈ ఉత్తరం ముందు పంపి, రేపు నేనూ వైశాలి పడవ ఎక్కుతున్నాను.

గోదత్తుడు